తాష్కెంట్ గోడల మీది బొమ్మలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

పోయిన సంచికలో ఉజ్బెకిస్తాన్ రాజధాని తాష్కెంట్‌లో సివిల్ ఇంజనీరింగ్ చదువుకున్న రోజుల గురించి రాస్తూ, అక్కడి కట్టడాల మీద రంగు ముక్కలతో చేసిన బొమ్మల (మొజాయిక్‌ల) సంగతి ఒక పేరాలో చెప్పాను. వచ్చిన ఉత్తరాల్లో చాలా వరకు ఆ పేరా గురించే. అందుకని ఈసారి శీర్షిక మొత్తం వాటికే. ఇంటి పగుళ్ల గురించి, స్లాబు కారడం గురించి అడిగినవాళ్లకు వచ్చే సంచికలో తప్పకుండా జవాబిస్తాను.

ప్రశ్న: మా అమ్మాయి తాష్కెంట్‌లో ఎంబీబీఎస్ చదువుతోంది. వీడియో కాల్‌లో హాస్టల్ పక్కనున్న అపార్ట్‌మెంట్ చూపించింది. గోడ పైనుంచి కింది దాకా ఒకటే బొమ్మ. గుడి కాదు, రాజభవనం కాదు, మామూలు జనం ఉండే ఇళ్లు. వాటికి అంత పని ఎందుకు చేశారు? – ఒక తల్లి, మంచిర్యాల

అమ్మా, మామూలు జనం ఉండే ఇళ్లు కాబట్టే చేశారు. ఆ ఊరు అప్పుడు సోవియట్ యూనియన్‌లో ఉండేది. 1955 నవంబరులో క్రుశ్చేవ్ కాలపు సోవియట్ ప్రభుత్వం కట్టడాల్లో ఆడంబరం మానుకోవాలని తీర్మానించింది. స్టాలిన్ నాటి స్తంభాలు, శిఖరాలు, సున్నపు లతలు అన్నీ ఆగిపోయాయి. కాంక్రీటు పలకలను ఫ్యాక్టరీలో పోసి, లారీల మీద తెచ్చి, క్రేన్‌తో నిలబెట్టి అతికేవారు. కొన్నేళ్లలోనే లక్షల కుటుంబాలకు ఇళ్లు దొరికాయి. ఒకే గదిలో రెండు మూడు సంసారాలు సర్దుకున్న జనానికి అది చిన్న సంగతి కాదు. కానీ ఏ ఊరికి పోయినా అవే ఇళ్లు, అవే కిటికీలు. ఆ పలకల ఇళ్లకు పక్కవైపు కిటికీలు లేని మొండి గోడ ఒకటి ఉంటుంది. చిత్రకారులకు అది దొరికింది. పెద్ద కట్టడాల ఖర్చులో కొంత కళకు పెట్టేవారు. చిత్రకారుడు ముందు స్కెచ్ గీసి కళామండలిని ఒప్పించాలి, తర్వాత పనివాళ్లతో కలిసి పరంజా ఎక్కాలి.

తాష్కెంట్‌కు ఇంకో కారణం కూడా ఉంది. మన లాల్ బహదూర్ శాస్త్రి గారు ఆ ఊళ్లో కన్నుమూసింది 1966 జనవరి 11న. మూడు నెలలు దాటగానే ఏప్రిల్ 26 తెల్లవారుజామున అక్కడ భూకంపం వచ్చింది. దాదాపు 3 లక్షల మంది గూడు లేనివాళ్లయ్యారు. సోవియట్ రిపబ్లిక్కులన్నీ మేస్త్రీలను, ఇంజనీర్లను పంపించి ఊరిని మళ్లీ కట్టాయి. ఆ కొత్త ఇళ్ల పక్కగోడల మీద జార్‌స్కీ అన్నదమ్ములు ముగ్గురు, ప్యోత్ర్, నికొలాయ్, అలెక్సాందర్, ఏళ్ల తరబడి మొజాయిక్‌లు చేశారు. ఉజ్బెక్ ముగ్గులు, చుక్కలు, సూర్యుడు, పక్షులు, సంగీతం వాయించే మనుషులు. మీ అమ్మాయి చూపించింది వాళ్ల చేతి పనే అయ్యే అవకాశం చాలా ఉంది.

నేను రోజూ బస్సెక్కే చోట ఎదురుగా అలాంటి గోడ ఒకటి ఉండేది. నీలి నేల మీద దానిమ్మ కొమ్మ. దూరం నుంచి చూస్తే నీలం అంతా ఒకటే రంగు. దగ్గరికి పోయి చూస్తే అందులో నాలుగైదు నీలాలు, నడుమ నడుమ ఒక ఆకుపచ్చ ముక్క, అక్కడక్కడ ఒక బూడిద రంగు ముక్క. ఏ రెండు ముక్కలూ ఒకే మట్టంలో లేవు. ఒకటి కాస్త పైకి చూస్తుంది, ఇంకొకటి పక్కకు వాలి ఉంటుంది. సాయంత్రం ఎండ వాలేకొద్దీ మెరుపు ఒక ముక్క మీంచి ఇంకో ముక్క మీదికి జరిగేది. గోడ మట్టంగా రావాలని క్లాసులో నేర్చుకుంటున్న నాకు, మట్టంగా రాకుండా పని చేయడం ఎంత కష్టమో ఆ గోడే చూపించింది.

ఇంకొక మాట. పత్తి బస్తాల నడుమ పెరిగిన మన వరంగల్ పిల్లలకు తాష్కెంట్ పరాయి ఊరు అనిపించదు. ఎనుమాముల మార్కెట్లో మనం చూసే పత్తే అక్కడ టీ గిన్నెల మీద, పింగాణీ ప్లేట్ల మీద, గోడల మీద పువ్వై కనిపిస్తుంది. 1977లో మెట్రో మొదలైనప్పుడు ఒక స్టేషన్‌కు పత్తి రైతు పేరే పెట్టారు, పఖ్తకోర్ అని. గోడల నిండా పత్తి పూల మొజాయిక్. 1984లో తెరిచిన కాస్మొనావ్త్‌లార్ స్టేషన్‌లో అంతరిక్షంలోకి వెళ్లిన గగారిన్, తెరెష్కోవా, వాళ్లతో పాటు నక్షత్రాలను లెక్కగట్టిన పాతకాలపు రాజు ఉలుగ్ బేగ్ కూడా ఉంటారు. మా కాలంలో ఆ మెట్రోలో ఫోటో తీయనిచ్చేవారు కాదు. 2018లో ఆ నిషేధం ఎత్తేశారు. సెలవు రోజున ఆ రెండు స్టేషన్లూ తీరిగ్గా చూసి రమ్మని అమ్మాయికి చెప్పండి.

ప్రశ్న: నేను తాపీ మేస్త్రీని. మొజాయిక్ గచ్చులు చాలా పోసిన. గచ్చంటే కింద ఉంటది, పాలిష్ పట్టొచ్చు. నిలువు గోడకు అన్ని ముక్కలు ఎట్ల పట్టి నిలుస్తయి? ఊడితే మళ్లీ ఎట్ల పెడతరు? – ఒక మేస్త్రీ, జనగామ

మేస్త్రీ గారూ, మీ ఉత్తరం చదివి చాలా సంతోషించాను. ఇది అడగాల్సిన మనిషే అడిగారు.

ముందు ముక్క సంగతి. మంచి మొజాయిక్‌కు వాడేది స్మాల్ట్ అనే గాజు. మన గాజుల్లా వెలుతురు ఇటు నుంచి అటు పోదు, చిక్కగా, రాయిలా ఉంటుంది. కరిగిన గాజులో లోహాల భస్మాలు కలిపి రంగు తెస్తారు. కోబాల్టు వేస్తే నీలం, రాగి వేస్తే ఆకుపచ్చ, కొలిమిని బట్టి ఎరుపు కూడా. దాన్ని రొట్టెలా పోసి, మెల్లగా చల్లార్చి, ఉలి లాంటి దిమ్మ మీద పెట్టి సుత్తితో పగలగొడతారు. బంగారు ముక్కలకైతే రెండు గాజు పొరల నడుమ బంగారు రేకు ఉంటుంది. రష్యాలో ఈ గాజు చేయడం 18వ శతాబ్దంలో లొమొనోసొవ్ అనే శాస్త్రవేత్త కష్టపడి సాధించాడు. అపార్ట్‌మెంట్లకు ఇంత ఖరీదైనది పెట్టలేక చాలా చోట్ల పింగాణీ టైల్స్ పగలగొట్టి వాడారు, రాతి ముక్కలూ వాడారు.

అతికే పద్ధతులు రెండు. ఒకటి, గోడకు తడి గార పూసి నేరుగా ఒక్కో ముక్కా గుచ్చుకుంటూ పోవడం. గార ఆరేలోపు పూర్తి చేయగలిగినంత మేరకే పూస్తారు. రెండోది తిరగేసే పద్ధతి. బొమ్మను అసలు కొలతలో కాగితం మీద అద్దంలో కనిపించినట్టు గీస్తారు. ముక్కలను ముఖం కిందికి పెట్టి, నీళ్లకు కరిగే జిగురుతో ఆ కాగితానికి అంటిస్తారు. తర్వాత కాగితాన్ని గళ్లుగా కోసి, నంబర్లు వేసి, గోడ దగ్గరికి తెచ్చి, సిమెంటు పూసిన చోట ఒత్తుతారు. గార పట్టాక కాగితాన్ని తడిపి లాగేస్తే బొమ్మ బయటపడుతుంది. అంత పెద్ద గోడలకు ఈ పద్ధతే అనుకూలం. పని సగం షెడ్డులో కూర్చుని చేయొచ్చు.

ఇక ఊడటం. ముక్క ఎప్పుడూ తనంతట తాను చెడదు. గాజుకు వందల ఏళ్ల ఆయుష్షు ఉంది. చెడేది దాని వెనకున్న గార. పిట్టగోడ పగిలినా, పైన రేకు ఊడినా, నీళ్ల గొట్టం కారినా గోడ లోపలికి నీళ్లు దిగుతాయి. అక్కడి చలికి ఆ నీరు గడ్డకట్టి దాదాపు పదో వంతు ఉబ్బుతుంది. ఉబ్బినప్పుడల్లా గారను గోడ నుంచి కొంచెం కొంచెం తోస్తుంది. మన దగ్గర గడ్డకట్టే చలి లేదు గానీ మిగతా రెండు జబ్బులూ మీకు తెలిసినవే. లోపలి ఇనుప చువ్వ తుప్పు పట్టి లావై కాంక్రీటును పెచ్చులుగా లేపడం ఒకటి. గోడలో కరిగిన ఉప్పు చెమ్మతో బయటికి వచ్చి తెల్లగా పేరుకుని గారను పిండి చేయడం రెండోది.

బాగు చేసేవాళ్లు మొదట చేసే పని మీరు రోజూ చేసేదే. వేలి కణుపుతో గోడను తట్టుతూ పోతారు. గట్టిగా పలికితే సరే. గుల్ల శబ్దం వస్తే అక్కడ సుద్దతో గీత గీస్తారు. అలా గోడ మొత్తానికీ ఒక పటం తయారవుతుంది. గుల్ల ఉన్న చోట పైన పల్చటి గుడ్డ అంటించి ముక్కలు రాలకుండా ఆపుతారు. తర్వాత సన్నటి బెజ్జంలోంచి సిరంజితో పల్చని సున్నపు పాలు లోపలికి ఎక్కిస్తారు. ఇక్కడ సిమెంటు వాడితే ప్రమాదం. సిమెంటు పాత గార కంటే గట్టి, పైగా దానితో ఉప్పు కూడా వస్తుంది. కొత్తది పాతదాని కంటే మెత్తగా ఉండాలి, కదలిక వస్తే కొత్తదే పగలాలి. మన పెద్దల డంగు సున్నం పని తెలిసిన మేస్త్రీకి ఇది చిటికెలో అర్థమవుతుంది.

అన్నిటికంటే ముందు చేయాల్సింది పైకప్పు, నీటి దారి. బల్గేరియాలో బుజ్‌లుజా అనే కొండ మీద 1981లో కట్టిన కమ్యూనిస్టు పార్టీ భవనం ఉంది. లోపల 900 చదరపు మీటర్లకు పైగా మొజాయిక్. 1990ల నుంచి పట్టించుకునేవాళ్లు లేక పైకప్పు చిల్లులు పడి వాన, మంచు నేరుగా బొమ్మల మీద పడ్డాయి. 2018లో యూరోపా నోస్ట్రా సంస్థ దాన్ని బాగా ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో పెట్టింది. 2019లో గెట్టీ ఫౌండేషన్ నిధులిచ్చింది. ఆ తర్వాత నిపుణులు పోయి రాలిపోతున్న అంచులను సున్నంతో కట్టి నిలిపారు. కొత్త బొమ్మ చేయలేదు, ఉన్నది జారకుండా పట్టుకున్నారు. నా దృష్టిలో అదే సరైన పని.

గోడ మొత్తమే పోయే పరిస్థితి వస్తే బొమ్మను గళ్లుగా కోసి విప్పుకోవచ్చు. జర్మనీలోని ఎర్‌ఫుర్ట్‌లో ఒక సాంస్కృతిక భవనాన్ని 2012లో కూల్చే ముందు హోసెప్ రెనావు అనే చిత్రకారుడు చేసిన మొజాయిక్‌ను విప్పి దాచారు, బాగుచేసి 2019లో అదే పేటలో మళ్లీ నిలబెట్టారు. మన వేయి స్తంభాల గుడి కల్యాణ మండపాన్ని కూడా 2006లో విప్పి, రాళ్లకు నంబర్లు వేసి, చాలా ఏళ్ల తర్వాత తిరిగి నిలబెట్టి 2024లో తెరిచారు కదా. ఓపిక, డబ్బు, నంబరు పోగొట్టుకోని మనుషులు, ఈ మూడూ ఉంటేనే అందులోకి దిగాలి.

ప్రశ్న: జనాన్ని జైళ్లలో పెట్టిన ప్రభుత్వం తన గొప్ప కోసం వేయించుకున్న బొమ్మలవి. ఆ దేశాలు ఇప్పుడు వాటిని పీకేసుకుంటే మనకేం బాధ? ఉక్రెయిన్‌లో చట్టమే చేశారట కదా? – ఒక పాఠకుడు, గోదావరిఖని

మీ కోపంలో న్యాయం ఉంది. దాన్ని తేలిగ్గా తీసుకోను. ఉక్రెయిన్ 2015లో చట్టం చేసిన మాట నిజమే. కమ్యూనిస్టు చిహ్నాలను బహిరంగ స్థలాల నుంచి తీసేయాలని అందులో ఉంది. కొడవలి, సుత్తి, లెనిన్ తల ఉన్న మొజాయిక్‌లు దాని కిందికి వచ్చాయి. కొన్ని చోట్ల గుర్తు వరకు చెక్కేశారు, కొన్ని చోట్ల బొమ్మంతా పోయింది. తాతలను సైబీరియాకు పంపిన గుర్తును బడి గోడ మీద రోజూ చూడమని ఎవరినీ మనం అడగలేం.

అయితే అల్లా హోర్స్కా అనే చిత్రకారిణి గురించి చెప్తాను, వినండి. కీవ్ విశ్వవిద్యాలయంలో 1964లో ఆమె, తోటివాళ్లు కలిసి కవి షెవ్‌చెంకో మీద రంగుటద్దాల బొమ్మ చేస్తే, అధికారులు తెరవక ముందే పగలగొట్టించారు. చిత్రకారుల సంఘం నుంచి ఆమెను తీసేశారు. ఆమె దొనెత్స్క్, మరియుపోల్ వైపు పోయి, స్నేహితులతో కలిసి గోడల మీద మొజాయిక్‌లు చేసింది. 1967లో మరియుపోల్‌లోని ఒక రెస్టారెంటులో చేసిన వాటిలో ఒకటి బొరివితెర్, అంటే గాలికి ఎదురు నిలిచే ఒక చిన్న డేగ. రెక్కలు విప్పి గోడంతా నిండి ఉంటుంది. 1970 నవంబరులో ఆమెను హత్య చేశారు. ఆ డేగను తర్వాత ఎవరో ఒక అడ్డుగోడ వెనక మూసేశారు, ఊరు మర్చిపోయింది, 2008లో మళ్లీ కనిపెట్టారు. 2022 యుద్ధంలో అది దెబ్బతింది.

సోవియట్ కాలపు గోడ మీద ఉన్నంత మాత్రాన ఆ బొమ్మ ప్రభుత్వం సొంతం కాదు. ప్రభుత్వానికి భయపడనివాళ్లు కూడా అదే గోడ మీద, అదే ప్రభుత్వం డబ్బుతో, తమ జనం కుట్టుపూలను, పక్షులను పెట్టగలిగారు. ఏది ఎవరి పనో తెలుసుకోకుండా మొత్తం ఊడ్చేస్తే, ఆ ప్రభుత్వం నోరు నొక్కిన మనిషి గొంతు మన చేత్తోనే రెండోసారి నొక్కినట్టు. అందుకే ఉక్రెయిన్‌లోనే ఎంతోమంది చిత్రకారులు, చరిత్రకారులు, సోవియట్ పాలనను ఏమాత్రం ఇష్టపడనివాళ్లు, ఊరూరా తిరిగి ఈ మొజాయిక్‌ల ఫోటోలు తీసి పేర్లు రాసిపెట్టారు.

ఇంకో సంగతి. చాలా గోడలు రాజకీయం వల్ల పోవడం లేదు. థర్మోకోల్ వల్ల పోతున్నాయి. చలి దేశాల్లో హీటింగ్ ఖర్చు తగ్గించడానికి పాత ఇళ్ల గోడలకు బయటి నుంచి థర్మోకోల్ పలకలు కొట్టి, పైన రంగు వేస్తారు. బొమ్మ ఉన్న గోడైనా అంతే, మేకులు దించి మూసేస్తారు. అక్కడి కాంట్రాక్టరుకు కోపమూ లేదు, సిద్ధాంతమూ లేదు. ఆ గోడ విలువ ఏమిటో అతనికి ఎవరూ చెప్పలేదు. నాకు ఎక్కువ దుఃఖం కలిగించేది ఇదే.

ప్రశ్న: చిన్నప్పుడు సోవియట్ భూమి పత్రిక కాగితాలతో నోటుబుక్కులకు అట్టలేసుకున్న తరం మాది. అందులో మాస్కో మెట్రో ఫోటోలు చూసేవాళ్లం. ఒక్క స్టేషన్ చూడమంటే ఏది చూడమంటారు? – ఒక రిటైర్డ్ టీచరు, కరీంనగర్

సార్, మాయకోవ్‌స్కయా. 1938లో తెరిచారు. ప్లాట్‌ఫారం మీద నిలబడి తలెత్తితే కప్పులో అండాకారపు గూళ్లు, ఒక్కో గూటిలో ఆకాశం. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి, విమానాలు, పారాచూట్లు, పూలకొమ్మలు. బొమ్మలు గీసింది దెయ్నెకా, వాటిని స్మాల్ట్‌లోకి మార్చింది లెనిన్‌గ్రాడ్‌లోని వ్లదీమిర్ ఫ్రొలొవ్. తర్వాత జర్మన్లు లెనిన్‌గ్రాడ్‌ను ముట్టడించినప్పుడు కూడా ఆయన ఊరు విడవలేదు. తిండి లేక, కరెంటు లేక, కిరోసిన్ దీపం ముందు కూర్చుని ఇంకో స్టేషన్ మొజాయిక్‌లు చేశాడు. 1942లో ఆ ముట్టడిలోనే పోయాడు. ఆ బొమ్మలను ఊరి బయటికి చేర్చి, 1943లో నొవొకుజ్‌నెత్స్కయా స్టేషన్ కప్పుకు పెట్టారు. వీలైతే అది కూడా చూడండి.

ప్రశ్న: నేను ఆర్కిటెక్చర్ విద్యార్థిని. అక్కడి సంగతి సరే, మన ఊళ్లో 50, 60 ఏళ్ల నాటి పని ఉంటే దాన్ని కాపాడే దారి ఉందా? – హనుమకొండ

బిడ్డా, దారి ఇరుకైనదే. 1958 నాటి కేంద్ర చట్టం ప్రకారం ప్రాచీన కట్టడం అనిపించుకోవాలంటే కనీసం 100 ఏళ్లు నిండాలి. రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చినప్పుడు అందరం పండగ చేసుకున్నాం. అదే ఏడాది వరంగల్ సెంట్రల్ జైలును ఆసుపత్రి కోసం కూల్చారు. అది నిజాం కాలం నాటిది, వందేళ్లు ఎప్పుడో దాటింది. వయసు ఉన్నంత మాత్రాన కూడా సరిపోదని దీన్నిబట్టి తెలుస్తోంది. 1934లో మొదలైన ఆజంజాహి మిల్లు వేల కుటుంబాలకు అన్నం పెట్టింది. 2002లో మూతపడింది. ఇప్పుడు అటు పోతే మిల్లు ఎక్కడ ఉండేదో పెద్దవాళ్లను అడిగి తెలుసుకోవాలి. కాకతీయుల రాళ్లకు మనం ఇచ్చే మర్యాదలో పదో వంతు మన తాతల చెమటకు ఇవ్వడం లేదు. ఈ మాట నేను బాధతోనే రాస్తున్నాను.

2017లో తెలంగాణ తనకంటూ ఒక వారసత్వ చట్టం చేసుకుంది. ఏదైనా కట్టడానికి గుర్తింపు కావాలంటే హెరిటేజ్ తెలంగాణ శాఖకు రాయాలి. రాయడానికి చేతిలో ఏదో ఉండాలి కదా. నువ్వు చేయగలిగింది అక్కడే ఉంది. పాత సినిమా హాలు ముందు గోడ మీద టైల్ ముక్కలతో చేసిన నెమలి కావచ్చు, పాత ఆఫీసు హాలు నడుమ మొజాయిక్ గచ్చులో పోసిన పువ్వు కావచ్చు, కాలేజీ గోడ మీది సిమెంటు బొమ్మ కావచ్చు. ముందు నిలబడి తిన్నగా ఒక ఫోటో, పక్క ఎండలో ఒక ఫోటో, స్కేలు పక్కన పెట్టి దగ్గరగా ఒక ఫోటో తీయి. పొడవు, వెడల్పు కొలిచి రాయి. నీళ్లు ఎటు నుంచి దిగుతున్నాయో చూడు. అన్నిటికంటే ముందు, అది చేసిన మనిషి పేరు కనుక్కో. 50 ఏళ్ల నాటి పనికి ఉన్న అదృష్టం అది. చేసినవాళ్లు ఇంకా ఉండొచ్చు, ఎనభై దాటి ఏ కాశీబుగ్గలోనో, మట్టెవాడలోనో మనవల దగ్గర ఉండి ఉండొచ్చు. రామప్ప శిల్పిని మనం అడగలేం, వీళ్లను అడగొచ్చు. ఏ ముక్క ఎక్కడ కొన్నారు, గారలో ఏం కలిపారు, ఎంత కూలి ఇచ్చారు, అన్నీ రాసుకో. ఫోను పక్కన పెట్టి వాళ్ల గొంతు రికార్డు చేయి. ఈ వేసవి సెలవుల్లో మీ క్లాసువాళ్లు తలా ఒక గోడ తీసుకుంటే, ఆ వివరాలు ఈ పత్రికలో అచ్చు వేయించే బాధ్యత నాది.

ప్రశ్న: మా తమ్ముడు జార్జియాలో ఉద్యోగం చేస్తున్నాడు. రోడ్డు పక్క పాత బస్‌స్టాప్ గోడ కింద రాలిపడ్డ నీలం గాజు ముక్కలు కొన్ని ఏరుకున్నాడు. వచ్చేటప్పుడు గుర్తుగా తెమ్మన్నాను. తప్పేమైనా ఉందా? – ఒక పాఠకురాలు, నిర్మల్

తేవద్దని చెప్పమ్మా. కింద పడ్డ ముక్క చెత్తలా కనిపిస్తుంది గానీ, ఆ గోడను బాగుచేసే రోజు వస్తే మొదట వెతికేది దాన్నే. ఆ నీలం ఆ కొలిమిలో, ఆ పాళ్లతో వచ్చింది. ఇప్పుడు కొత్తగా చేయిస్తే పక్క ముక్కతో కలవదు. పైగా పాత కట్టడాల ముక్కలు దేశం దాటించడం ఎయిర్‌పోర్టులో చిక్కు తెచ్చి పెట్టొచ్చు, ఉద్యోగం చేసుకునే పిల్లాడికి ఆ టెన్షన్ ఎందుకు? జార్జియాలో ఇలాంటి వాటిని ప్రేమగా చూసేవాళ్లు ఉన్నారు. బటూమి సముద్రపు ఒడ్డున ఆక్టోపస్ ఆకారంలో కట్టిన మొజాయిక్ కేఫ్‌ను బాగుచేసి నిలుపుకున్నారు. మీ తమ్ముణ్ణి ఆ ముక్కలను ఒక కవరులో వేయమనండి. బస్‌స్టాప్ ఏ రోడ్డు మీద ఉంది, గోడలో ఏ మూల కింద దొరికాయి అన్నది కవరు మీద రాయమనండి. గోడ ఫోటో ఒకటి జత చేసి, ఆ ఊరి మ్యూజియంలో ఇచ్చి రమ్మనండి. మీకు గుర్తుగా ఆ ఫోటో కాపీ ఒకటి పంపిస్తాడు.